సియుము బస్సు గుంజ

ఫువాతినో వేసిన బొమ్మల్ని జనం నోరు వెళ్ళబెట్టుకుని చూశారు. చూసి, పోయి వెనక గుంజల దగ్గర ఇరుక్కుని కూర్చున్నారు. వచ్చిన తంటా అంతా అదే.

అపియా పట్టణం బజారు మలుపులో, చెత్త పోసుకునే జాగాలో, బస్సు కోసం నిలబడేవాళ్ళకి గోడల్లేకుండా గుంజల మీద నిలిచే ఫలే కట్టాలని పట్టుబట్టింది ఆవిడే. బెరడు గుడ్డ మీద సియాపో బొమ్మలు వేసి బతికే మనిషి. గుండ్రటి కొసలు, కొబ్బరి తాళ్ళ కట్లు, గుంజ గుంజకీ రంగులు. అచ్చం పాతకాలపు ఇల్లులాగే కట్టించింది మహాతల్లి! మరి మన ఇళ్ళల్లో కొస గుంజ మతాయి దొరలది, ముందు గుంజలు వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళవి, పట్టం లేనివాళ్ళకి వెనకవి. బస్సుకొచ్చినంత మాత్రాన ఆ సంగతి మరిచిపోతామా?

"ముందుకెళ్ళి కూచోరాదూ అక్కా!"

"నువ్వెళ్ళు. నీకు పట్టమెప్పుడొచ్చిందో మాకు చెప్పనేలేదు!"

ముందు ఖాళీగా కనిపిస్తే, ఎవరూ లేరనుకుని డ్రైవర్లు ఆపకుండా పోయేవారు. పట్టణ కార్యాలయం ఇంజనీరు వచ్చి చూశాడు. "శుక్రవారం దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఇంతే అయితే పీకేసి రేకుల షెడ్డు వేయిస్తా," అన్నాడు.

నా బొమ్మలే జనాన్ని తరిమేశాయని ఫువాతినో ఏడ్చింది. ఏడుస్తుండగానే ఎవరో ముసలమ్మ, "లెఫగా ఊరి బస్సుకి ఎక్కడుండాలే?" అని అడిగింది. అంతే, కళ్ళు తుడుచుకుని కుంచె పట్టింది. గుంజ మనిషిది కాదు, బస్సుది! ఒకదానికి చేపల వల, ఒకదానికి పనసాకు, ఒకదానికి జెర్రి. ఏ ఊరి బస్సుకి ఏ గుంజో పేరు కూడా రాసింది. తన ఊరు సియుముకి చివరికి మిగిలింది కొస గుంజ.

శుక్రవారం పొద్దున ఇంజనీరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం బొమ్మలు చూస్తున్నారే గానీ కదలరు. ఇక లాభం లేదని ఫువాతినో తనే వెళ్ళి కొస గుంజకి ఆనుకుని, మఠం వేసుకుని కూర్చుంది.

"దీనికి మతి పోయిందా ఏమిటి!" అన్నారు వెనకనించి ఎవరో.

సరిగ్గా అప్పుడే గొడుగు పట్టుకుని లెయవాయి అనే మతాయి దొర వచ్చాడు. ఫువాతినో సిగ్గుతో చచ్చిపోయింది.

ఆయన ఆవిణ్ణి చూశాడు, గుంజని చూశాడు. "ఫలెఫా బస్సుకి ఏది తల్లీ?"

"వెనకదండీ... వల బొమ్మది."

దొర గొడుగు మడిచి వెనక్కి నడిచాడు. "జరగండమ్మా, నేనూ బస్సుకే వచ్చా," అంటూ చేమదుంపల గంపల మధ్య చతికిలబడ్డాడు.

ఒక్కసారిగా నవ్వులు! ఎవరి గుంజకి వాళ్ళు పరుగు.

"మా ఊరికి జెర్రి వేశావేంటక్కా?"

"మీ ఊళ్ళో అవేగా ఎక్కువ!"

ఇంజనీరు కూడా తన బస్సు గుంజ వెతుక్కున్నాడు.

ఇంతలో సియుము బస్సు ఆగి హారన్ కొట్టింది. "ఎక్కవేం పిన్నీ?" అన్నాడు డ్రైవరు.

"నువ్వెళ్ళు నాయనా, తర్వాతి దానికి వస్తాలే," అంది ఫువాతినో, కొస గుంజకి ఇంకాస్త బాగా ఆనుకుంటూ.