పాప కొరికింది!

మా వీధిలో బట్టలు కుట్టే అక్కకు లేకలేక పుట్టిన పాపకు డౌన్ సిండ్రోమ్. చప్పిడి ముక్కు, కొసలు పైకి తేలిన కళ్ళు, చిన్న నోరు. నవ్విందంటే చూసేవాళ్ళు పని మరిచిపోతారు. రెండేళ్ళు నిండవస్తున్నా ఒక్క పన్నూ రాలేదు.

"ఇలాంటి పిల్లలకు పళ్ళు ఆలస్యంగా, చిన్నచిన్నగా వస్తాయమ్మా. కంగారుపడకు" అన్నాడు పళ్ళ డాక్టరు. అయినా అక్క రోజూ చిగుళ్ళు తడిమి చూసేది.

ఒక ఉదయం ఆమె ఒకావిడకు జాకెట్టు కొలతలు తీస్తుంటే, లోపల పాపను ఆడిస్తున్న అమ్మమ్మ కేక పెట్టింది.

"అమ్మో! కొరికేసిందే!"

అక్క మెడలో టేపుతోనే పరుగెత్తింది. కింది చిగుళ్ళ మీద బియ్యపు నూకంత పన్ను!

"ఏదీ, నన్నూ కొరుకు తల్లీ" అంటూ వేలు పెట్టింది. పాప కసుక్కున కొరికింది. అక్క కళ్ళనీళ్ళతో పకపకా నవ్వింది.

వెనకే వచ్చిన జాకెట్టావిడ కూడా వేలు చాపింది. "నన్ను కూడా ఒకసారి!"