శ్రీరామమూర్తి గారి పిడుగు డబ్బా

సర్కారు ఉద్యోగి మొగుడుగా దొరికాడని వేదవతి సంబరపడింది గానీ, చెత్త ఏరుకునేవాడు దొరికాడని హైదరాబాదు వచ్చాకే తెలిసింది. బషీర్‌బాగ్‌లో గుమాస్తా కొలువు, తెల్ల చొక్కా, జేబులో పెన్ను. సాయంత్రమైతే చిక్కడపల్లి పాన్ డబ్బాల ముందు వంగి, ఖాళీ సిగరెట్ పెట్టెలు ఏరుకోవడం! ఏమిటయ్యా అంటే, లోపలి వెండి కాగితం కోసమట. జన్మలో సిగరెట్ ముట్టని మనిషికి వీధిలో ఎలాంటి పేరొచ్చిందో చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఆ కాగితాన్ని నానబెట్టి రేకు ఊడదీస్తాడు శ్రీరామమూర్తి. సుల్తాన్ బజార్లో కొన్న ప్లాస్టిక్ షీటు ముక్క, దాని మీద రేకు, మళ్ళీ షీటు, మళ్ళీ రేకు. ఆ దొంతరంతా బిస్కెట్ల డబ్బాలో కూరి, కూతురు కుసుమ తలకు దాచిన ఆముదమంతా అందులో గుమ్మరించాడు. దాని పేరు కెపాసిటరట. పాత నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మరు తగిలిస్తే వేల వోల్టులు మింగి కూర్చుని, పిడుగులా మెరుపు కక్కుతుందట.

"స్విచ్ ఆపినా దాని కడుపులో కరెంటు ఉంటుందే! ఇనప చువ్వతో తీగెలు రెండూ కలిపాకే ముట్టుకోవాలి" అని రోజూ పాఠం చెప్పేవాడు. ఈ మహానుభావుడికి కారే కుళాయికి వాషరు వేయడం చేతకాదు.

అశోక్ నగర్‌లో వాళ్ళుండే వాటా కిషన్ రావుది. పెద్దమనిషి. ఆ అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలతో ఊరు అట్టుడికిపోతున్నా, గుడివాడ నుంచి వచ్చిన వీళ్ళను పల్లెత్తు మాట అనలేదు. కానీ ఈయన డబ్బా పని చేసినప్పుడల్లా ఆయన రేడియోలో వార్తలు పోయి గరగర మిగిలేది. చివరికి ఆయనకూ ఓపిక చచ్చింది.

"ఏంది సారూ, జర వార్తలన్న విననియ్యరా? గిట్లయితే ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు.

వేదవతికి బెంగ పట్టుకుంది. ఈ రోజుల్లో ఆంధ్రావాళ్ళకు కొత్తగా ఇల్లెవరిస్తారు? కుసుమను బడి మాన్పించి, సామాను బండికెక్కించి ఎక్కడికని పోవాలి?

"కళ్ళారా చూస్తే ఆయనే మెచ్చుకుంటాడు" అని మొగుడు ఆయుధపూజకు కిషన్ రావును పిలిచాడు. గచ్చు కడిగించాడు. డబ్బాకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాడు. స్విచ్ వేశాడు. కాసేపటికి తీగెల కొసల మధ్య ఠప్పుమని తెల్లటి మెరుపు!

"వారెవ్వా!" అన్నాడు కిషన్ రావు. హమ్మయ్య, ఇల్లు నిలబడిందనుకుంది వేదవతి.

స్విచ్ ఆపి హారతి ఇచ్చాడు శ్రీరామమూర్తి. పూజయ్యాక ఆయుధాన్ని తాకి కళ్ళకద్దుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు కదా! చువ్వ పక్కనే ఉంది. ఇన్నాళ్ళూ పాఠం చెప్పిన పంతులుగారు తడి గచ్చు మీద ఉత్తి కాళ్ళతో నిలబడి, భక్తిగా తీగె ముట్టుకున్నాడు. ముట్టుకున్నవాడు వెల్లకిలా వెళ్ళి బియ్యం డబ్బా మీద పడ్డాడు.

వేదవతి పరుగున చెంబుతో నీళ్ళు తెచ్చింది. కుయ్యోమొర్రోమంటూ మొహాన చల్లింది. కళ్ళు తెరిచాడు.

"చూశావుటే, ఎంత ఛార్జి నిలబడిందో!" అని ఇకిలించాడు.

ఆ చెంబెత్తి నెత్తిన వెయ్యాలనిపించిందామెకు.

కిషన్ రావు మొహం మాడిపోయింది. "సారూ, ఇంట్ల పిల్ల ఉన్నది. పానం పోతే ఎవలు జవాబు చెప్తరు? గా డబ్బా అన్న పోవాలె, మీరన్న పోవాలె. ఇప్పుడే చెప్పుండ్రి" అన్నాడు.

ఇందులో చెప్పడానికేముంది? డబ్బా పోతుందండీ అంటే అయిపోయె. శ్రీరామమూర్తి డబ్బా వంక చూశాడు. కుసుమ వంక చూశాడు. మళ్ళీ డబ్బా వంక చూశాడు. ఆలోచిస్తున్నాడు! పెళ్ళాం, పిల్ల రోడ్డున పడే మాటకు ఆలోచించాల్సి వచ్చింది ఆయనకు. వేదవతికి ఒళ్ళు మండిపోయింది.

"రెండు రోజులు టైమిస్తే..." అని నసిగాడు.

"టైమెందుకు? ఆయనా, ఆ డబ్బా కలిసి వెళ్తారు. నేనూ, కుసుమా ఇక్కడే ఉంటాం అన్నయ్యగారూ" అంది వేదవతి.

కిషన్ రావు తలూపాడు. "ఉండు చెల్లె" అన్నాడు.

"ఏమిటే ఈ పరాచికం?" అన్నాడు శ్రీరామమూర్తి, నవ్వబోతూ.

వేదవతి లోపలికి వెళ్ళి ఆయన చొక్కాలు మడతపెట్టి పెట్టెలో సర్దసాగింది.