పెన్సిల్ చిల్లులు

మా వీధిలో నన్ను మంచివాడంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లుగా గుండెలమీద ఒక బండ మోస్తున్నాను. మీరు నన్నెరుగరు కాబట్టి మీకే చెబుతున్నాను. నడుమ ఆపకండి, ఆపితే మళ్లీ చెప్పలేను.

డెబ్భై ఒకటిలో యుద్ధం ముంచుకొచ్చి, సైనిక శిక్షణ శిబిరంలో మమ్మల్ని హడావిడిగా తయారుచేస్తున్న రోజులవి. చిత్తూరు నుంచి నేను, సత్యవేడు నుంచి మునిరత్నం. ఆ డేరాల్లో తెలుగువాళ్లం మేమిద్దరమే. పరుగులో వాణ్ణి మించినవాడు లేడు. తుపాకీ పడితే మాత్రం, పేలకముందే రెండు కళ్లూ మూసుకునేవాడు. చివరి పరీక్షలో గురి తప్పితే వెనక బ్యాచ్‌కు నెట్టేస్తారు.

ముందురోజు అన్నం దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎనక్కి నెడితే మా ఊర్లో తలెత్తుకోలేనప్పా. రేపు గుంతలో ఉండేది నువ్వే గదా? ఏమన్నా సెయ్యి."

గుంత అంటే మట్టిగట్టు వెనక కందకం. గురి అట్టలను ఎత్తి, దించి, చిల్లులు చూసి చెప్పే పని ఆ రోజు నాది. తూటాలు నెత్తిమీదుగా పోతున్నాయి. వాడి వంతు వచ్చింది. అయింది. అట్ట దించాను. ఒక్క చిల్లూ లేదు. గట్టు అవతల మాకు తుపాకీ నేర్పే ఉస్తాదు ఈలమీద ఈల వేస్తున్నాడు. జేబులోంచి పెన్సిల్ తీసి టకటకా పొడిచాను. తూటా చిల్లూ పెన్సిల్ చిల్లూ ఒకటే లావు.

వాడి కోసమే చేశానా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. కాదు. వాడు వెనకబడితే, నా భాష తెలియని మనుషుల మధ్య ఒంటరిగా సరిహద్దుకు పోవాలని నాకు భయం. తోడు కోసం వాణ్ణి లాక్కుపోయాను. తీరా నన్ను వెనక సామాను గిడ్డంగిలో వేశారు, వాణ్ణి ముందుకు పంపారు. వారం తిరక్కుండా పోయాడు. గురి ఉంటే బతికేవాడా? తెలియదు. వెనక బ్యాచ్‌లో ఉంటే బతికేవాడు. వాళ్ల శిక్షణ ముగియకముందే యుద్ధం ముగిసింది.

చెప్పేద్దామనే సత్యవేడు వెళ్లాను. వాళ్ల నాయన అరుగుమీద శనిక్కాయలు ఒలుస్తున్నాడు.

"మావోడికి గురి బాగా కుదిరిందంట గదప్పా? ఊరంతా సెప్పుకున్నా. నిజమేనా?"

"నిజమే పెద్దనాయనా."

ఆయన గుప్పెడు కాయలు నా చొక్కా జేబులో పోశాడు. తేలు కుట్టిన దొంగలా బస్సెక్కాను.

ఆ పెద్దాయనా పోయాడు. ఇంకెవరిని క్షమించమనను? అడగను. మునిరత్నం తూటా ఒక్కటీ అట్టకు తగల్లేదు. ఆ చిల్లులు నేను పొడిచాను. అమ్మయ్య, అనేశాను.