జీపెక్కని రోజు

ఈమధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా అల్లుడు నన్ను కారులో నానక్‌రామ్‌గూడ మీదుగా తీసుకెళుతుంటే, హెల్మెట్లు పెట్టుకుని, ఒంటికి అతుక్కుపోయే రంగురంగుల బట్టలు వేసుకున్న పిల్లలు సైకిళ్ల మీద వరుసగా పోతూ కనిపించారు. వాళ్ల వెనకే ఒక కారు మెల్లగా నడుస్తోంది. అందులో నీళ్లూ అరటిపళ్లూ ఉంటాయనీ, ఎవరైనా అలసిపోతే ఎక్కించుకుంటారనీ అల్లుడు చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. దాదాపు యాభై ఏళ్ల కిందట ఇదే నేల మీద నా సైకిల్ వెనక కూడా ఒక బండి వచ్చింది. కాకపోతే అది, నేను ఎప్పుడు అలసిపోతానా అని ఎదురుచూస్తూ వచ్చింది.

డెబ్బయ్యవ దశకం నడుస్తున్న రోజులు. నర్సు శిక్షణ పూర్తయి, శంకర్‌పల్లి దారిలోని పల్లెలకు నన్ను వేస్తూ ఆర్డరు వచ్చింది. ఊరూరూ తిరిగి గర్భిణులనూ బాలింతలనూ చూడాలి, పిల్లలకు సూదులు వెయ్యాలి. బస్సు ముఖమెరుగని ఊళ్లు కనక సైకిల్ తప్పదు. పెళ్లి కావలసిన పిల్ల ఆ గుట్టల్లో ఒంటరిగా తిరగడమేమిటని నాయన ఆర్డరు తీసి పెట్టెలో పెట్టేశారు. ఆ ఊళ్లన్నీ ఒక్కరోజులో చుట్టి చూపిస్తానని నేను పంతం పట్టాను. చివరికి నాయన ఒప్పుకున్నారు గాని, ఒక షరతు పెట్టారు. వెనక జీపులో పెద్దబాపు వస్తాడు, ఒక్కసారి ఆ జీపెక్కినా నౌకరీ మాట మరిచిపోవాలి. పెద్దబాపు అంటే నాయనకు అన్న. ముప్పై ఏళ్లు లారీ నడిపి మానేసిన మనిషి, పాత యజమానిని అడిగి జీపు తెచ్చాడు.

తెల్లవారుతుండగా మెహదీపట్నంలో బయలుదేరాం. చీరకుచ్చెళ్లు ఎగదోపి పిన్నీసులు పెట్టి, కాళ్లకు మా అన్న కాన్వాసు బూట్లు తొడుక్కున్నాను. మణికొండ దాటాక ఇక ఎటు చూసినా బండరాళ్లు, ఒకదాని మీద ఒకటి ఎవరో నిలబెట్టి మరిచిపోయినట్టు ఉండేవి. వాటి సందుల్లో సీతాఫలం పొదలు, మేకలు నడిచిన జాడలు, అంతే. ఎత్తు వచ్చినప్పుడల్లా జీపు పక్కకు తెచ్చి, ఎక్కుతవా బిడ్డా అని పెద్దబాపు అడిగేవాడు. నేను తల తిప్పకుండా తొక్కేదాన్ని.

కోకాపేట దాటాక బండ్లబాట వానలకు కోసుకుపోయి, జీపు ముందుకు కదలలేదు.

“ఇగ చాలు, వాపస్ పోదాం. జీపు పోని కాడికి నువ్వెట్ల పోతవ్?” అన్నాడు పెద్దబాపు.

“జీపు పోని ఊళ్లకే గద పెద్దబాపు, నన్ను నౌకరీకి పంపేది.”

పెద్దబాపు, చుట్టు తిరిగి వచ్చి శంకర్‌పల్లి రోడ్డు మీద నిలబడతానని జీపు వెనక్కి తిప్పాడు.

ఆ చప్పుడు వినపడకుండా పోయాక గాని భయమంటే ఏమిటో నాకు తెలియలేదు. దానికి తోడు కాసేపటికే తుమ్మముల్లు దిగి వెనక చక్రం కూర్చుంది. ప్యాచ్ వెయ్యడం నాకు వచ్చు, కాని ట్యూబు ముంచి చూడటానికి నీళ్లేవి? మేకలు కాస్తున్న ఒక పెద్దావిడ నా అవస్థ చూసి, తన సొరకాయ బుర్రలో తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ బండ మీది గుంతలో ఒంపేసింది. బుడగలు వచ్చిన చోట నేను అతుకు వేస్తుంటే, ఎందుకిట్లా తిరుగుతున్నావని అడిగింది. చెప్పాను. ఆవిడ ఖాళీ బుర్ర భుజాన వేసుకుంది.

“నిరుడు మా కోడలు కాన్పుల పాణమిడిసింది. నీ అసొంటిది ఒక్కతొస్తే బతుకుతుండె. జల్ది పో బిడ్డా.”

అంతవరకు అది నా పంతం. ఆ మాట విన్నాక నేను తొక్కిన తొక్కుడు వేరు.

శంకర్‌పల్లి రోడ్డు ఎక్కి చూస్తే జీపు లేదు. చాలాసేపటికి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. దారి తప్పి మూడు ఊళ్లలో అడుగుతూ వచ్చానని, నన్ను చూసేదాకా పాణం పాణంలో లేదని పెద్దబాపు చెప్పాడు. ఆ తర్వాత ఎక్కుతవా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఊళ్లన్నీ చుట్టాక, తిరుగుదారిలో పటాన్‌చెరులో సోడా తాగించాడు. మదీనాగూడ దగ్గర బొంబాయి రోడ్డు మీద లారీలు మీదమీదకు వస్తుంటే, నన్ను ఎడమకు ఉంచి జీపును అడ్డంగా నడిపించుకుంటూ వచ్చాడు. ఆయన అట్లా వెంట ఉంటే తొడల నొప్పి కూడా తేలికైంది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. నాయన నా వైపు కాక, పెద్దబాపు వైపు చూశారు.

“అది ఎక్కలే తమ్మీ. దారి తప్పింది నేనే. ఫికర్ చెయ్యకుండ పంపియ్యి.”

నాయన లేచి వెళ్లి పెట్టె తెరిచారు.

ఆ పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా సైకిల్ మీదే తిరిగాను. ఎంతమంది పిల్లలు ఈ చేతుల్లో తొలి ఏడుపు ఏడ్చారో లెక్క లేదు. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఈ నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల్లో కొలువులు చేస్తూ ఉంటారు, సంతోషమే. బండలు పగలగొట్టి, గుట్టలు చదును చేసి వేసిన ఈ రోడ్డు మీద కారు నీళ్ల మీద పడవలా పోతుంది. అయినా కొన్ని మలుపుల దగ్గర, ఇక్కడ ఎత్తు ఉండాలే అని నా కాళ్లు వాటంతట అవే బిగుసుకుంటాయి. ఎత్తు రాదు. కాళ్లు కాసేపు ఎదురుచూసి, మళ్లీ వదులవుతాయి.