బళ్ళారి కారు, కణేకల్ కాపురం

పెళ్ళయిన పదకొండేళ్ళూ మా ఆయన నా చేతి ముద్దే తిన్నాడు, కణేకల్‌లో మా ఇంట్లోనే గురక పెట్టాడు. కాగితాల్లో మాత్రం బళ్ళారి మనిషి. అందుకు కారణం ఒక పాత తెల్ల కారు.

చవకగా వస్తోందని దాన్ని బళ్ళారిలో కొన్నాడు. కర్ణాటక నంబరు బండిని ఆంధ్రాలో ఏళ్ళ తరబడి తిప్పుకోవాలంటే ఇక్కడ మళ్ళీ పన్ను కట్టాలి. పన్ను కట్టడమంటే ఆయనకు ప్రాణం మీదికి వస్తుంది. అందుకని బళ్ళారిలో స్నేహితుడి అంగడి మీద గది కొద్దిపాటి అద్దెకు తీసుకుని, అక్కడే ఉంటున్నట్టు బాండు పేపరు రాయించుకున్నాడు. ఎవరైనా బండి ఆపితే చాలు, "నేను బళ్ళారోన్ని సార్, ఈడికి చుట్టంగా వచ్చినా" అని ఆ కాగితం తీసేవాడు. సొంత ఊరికి చుట్టంగా వచ్చే మనిషిని ఈయన్నొక్కడినే చూశాను. నేనూ పక్కన కూర్చుని నవ్వేదాన్నే. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

కారు కొన్న మూడో ఏడు ఆయన మనసు కూడా బళ్ళారికి మారింది. అక్కడ ఎవరో ఉన్నారని ఊరంతటికీ తెలిశాక నాకు తెలిసింది. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఆ వెనకే బళ్ళారి కోర్టు నుంచి విడాకుల నోటీసు. మేమిద్దరం చివరగా కాపురం చేసింది బళ్ళారిలోనేనట!

ఉరవకొండలో ఒక లాయరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఇద్దరూ ఆకరుగా కలిసున్న తావులో కేసు ఏసుకోవచ్చక్కా. ఆడ నడిస్తే ప్రతి వాయిదాకీ నువ్వు బళ్ళారికి పోవాల. పోకుంటే ఆయప్ప చెప్పిందే తీర్పయితాది" అంది.

నేను అంగన్‌వాడీ టీచరును. వాయిదాకో సెలవు ఎవరిస్తారు? నేను వెళ్ళకపోతే, మొగుణ్ణి వేధించానని ఆయన రాయించిందంతా నిజమైపోతుంది. నాకు భయమల్లా అదే.

ఇంటికొచ్చి బీరువా వెతికాను. ఏ కాగితానికైనా నాలుగు నకళ్ళు తీసిపెట్టడం ఆయన అలవాటు. బాండు పేపరు నకలు దొరికింది. అన్నేళ్ళలో మొదటిసారి దాన్ని చదివాను. ఒంటరి మనిషికైతే అద్దె తక్కువని ఒక షరతు రాయించుకున్నాడు: "గదిలో నేనొక్కడినే ఉంటాను. భార్యాబిడ్డలను తెచ్చి సంసారం పెట్టను." కింద ఆయన సంతకం, పొడుగాటి తోకతో సహా.

వాయిదా నాడు బళ్ళారి కోర్టులో జడ్జి మా లాయరమ్మ ఇచ్చిన ఆ కాగితం చూసి, భార్యతో కాపురం ఎక్కడ చేశావని ఆయన్ను అడిగారు. బళ్ళారి అంటే తన సంతకమే అబద్ధం. కణేకల్ అంటే కారు పన్ను నెత్తిన పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆదుకుంటానేమోనని నావైపు చూశాడు, అలవాటు కొద్దీ. నేను గోడ గడియారం వైపు చూశాను.

"కణేకల్లోనే సార్" అని నసిగాడు.

ఆంధ్రాలో వేసుకోమని కేసు తిప్పి ఇచ్చేశారు.

బయట కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. "ఎందుకొచ్చిన పంచాయితీ మే, ఇంటికి పోదాం దా. ఇంక కేసు గీసు ఏమీ లేదు" అన్నాడు.

నా మనసు ఒక్క క్షణం మెత్తబడింది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ ఎక్కలేదు. బస్సులో వచ్చేశాను.

తర్వాతి వారం విడాకుల కేసు నేనే వేశాను. భార్య అయితే తానుండే చోటే వేసుకోవచ్చట. అర్జీలో ఆయన చిరునామా దగ్గర లాయరమ్మ కలం ఆగింది.

"ఆయప్ప యాడుంటాడని రాయాలక్కా?"

"యాడన్నా రాసుకో తల్లీ. మా ఇంట్లో మాత్రం లేడు" అన్నాను.