దూది కుక్కిన గాలిసంచి

మా పెద్దమ్మ దర్జీ. ఊరి చివర చిన్న విమానాశ్రయం, దాని ప్రహరీగోడను ఆనుకుని ఆవిడ ఒంటిగది కొట్టు. జాకెట్లూ స్కూలు నిక్కర్లూ ఎన్ని కుట్టినా, తన పని అని చెప్పుకునేది ఒక్క గాలిసంచినే. విమానం దింపేవాళ్లకు గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం అది. మూతి వెడల్పు, కొస సన్నం, రెండువైపులా తెరిచే ఉండాలి. ఎండకూ వానకూ ఆరు నెలలకే పీలికలయ్యేది. ముప్పై ఒక్కేళ్లు ఈవిడే కుట్టింది. కొత్తది స్తంభానికి ఎక్కించిన ప్రతిసారీ కొట్టు వదిలేసి వీధిలోకి వెళ్లి, అది గాలి పోసుకునేదాకా నిలబడి చూసేది.

ఆ విమానాశ్రయాన్ని మూసేసి ఇప్పుడు మ్యూజియం చేశారు. పెద్దమ్మ కుట్టిన ఆఖరి సంచి అందులో పెట్టారని తెలిసి, మోకాళ్ల నొప్పులతోనే నన్ను బయల్దేరదీసింది.

"కింద నా పేరు రాసుంటారంటావా?" అని ఆటోలో రెండుసార్లు అడిగింది.

రాశారు, "విదేశాల నుంచి తెప్పించిన పరికరం" అని! మేనేజర్లు టీ తాగిన కప్పులకేమో అద్దాల పెట్టెలు, పక్కన వాళ్ల పేర్లు. సొమ్మొకడిది, సోకొకడిది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది మా పెద్దమ్మ కుట్టిందండీ" అన్నాను అక్కడి గైడుతో.

"ఆధారం ఏమైనా ఉందా మేడం?" అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు.

నేను గొడవకు దిగేలోపే పెద్దమ్మ సంచి కొస పట్టుకుని చూసింది. లోపల దూది కుక్కి, కొస కుట్టేశారు.

"ఎవరయ్యా ఈ పని చేసింది?"

"ఇక్కడ గాలి రాదు కదా మామ్మగారూ. వేలాడిపోతుంటే చూడ్డానికి బాగాలేదని..."

"గాలి లేకపోతే వేలాడాలయ్యా! గాలి లేదని చెప్పడమూ దాని పనే. లేని గాలి ఉందంటోంది ఇప్పుడు. నా సంచి ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. దాన్ని దిండు చేసి పెట్టారు కదయ్యా!"

తన చేతిసంచీలోంచి చిన్న కత్తెర తీసింది. నేను ఆపలేదు, ఆపాలనిపించనూ లేదు. కుట్టు పటపటా తెగింది, దూదంతా నేల మీద పడింది. గైడు కేకకు వాచ్‌మన్ వచ్చాడు, వెనకాలే ఆఫీసరు ఒక లావుపాటి పుస్తకం పట్టుకుని వచ్చాడు. వస్తువులు పాడుచేసినవాళ్ల వివరాలు రాసే పుస్తకమట.

"పేరు?"

ఇంటిపేరుతో సహా చెప్పింది.

"ఏం చేస్తుంటారు?"

"దర్జీని. ఈ గాలిసంచి కుట్టింది నేనే. అది కూడా రాయి."

ఆయన విసుక్కుంటూనే రాశాడు.

"ఒకసారి చదువు నాయనా."

చదివాడు. ఆవిడ తలూపి కత్తెర చేతిసంచీలో వేసుకుంది. మేనేజర్ల టీ కప్పులకు కూడా పేర్లున్న ఆ భవనంలో, మా పెద్దమ్మ పేరు ఉన్నది వస్తువులు పాడుచేసినవాళ్ల పుస్తకంలో మాత్రమే.