ఒకే చేతిరాత, ఇరవై ఆరు కార్డులు

ఆ ఆదివారం నేను చేసిన తప్పు చేసేటప్పుడు చాలా చిన్నదిగా కనిపించింది. ఇరవై ఆరు పోస్టుకార్డులకు రబ్బరు బ్యాండు వేసి, పైన ఒక చీటీ పెట్టి, "అన్నీ ఒకే చేతిరాత. ఒక్క ఉత్తరంగా లెక్కించాలి" అని రాసి సంతకం చేశాను. అక్కడితో ఆగి ఉంటే అది ఆఫీసు గోడల మధ్యే ఉండిపోయేది. మధ్యాహ్నం శ్రోతల ఉత్తరాల కార్యక్రమంలో మైకు ముందు కూర్చుని, "కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల నుంచి వచ్చిన ఆ ఉత్తరాలన్నీ ఒకరే రాశారు. అంత తీరిక ఉన్న ఆ శ్రోత పదిమంది పేర్లు వాడుకునే బదులు తన పేరుతో ఒక్క ఉత్తరం రాస్తే సరిపోయేది" అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆ నవ్వు వినేవాళ్లకు తెలియాలని కూడా అనుకున్నాను.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. నేనొక చిన్న రేడియో కేంద్రంలో పనిచేసేవాణ్ణి. ఏ కార్యక్రమం ఎన్నింటికి రావాలో పట్టిక వేయడం, వచ్చిన ఉత్తరాలు చూడడం నా పని. మా కేంద్రంలో ఏళ్ల తరబడి రోజూ మధ్యాహ్నం రెండున్నరకు అరగంట శాస్త్రీయ సంగీతం వచ్చేది. దాన్ని సాయంత్రం ఆరింటికి మార్చాం. దాని చోట్లోకి నేను నడిపే చర్చా కార్యక్రమం వచ్చింది. ఉద్యమం గురించి, మన భాష గురించి, మన గొంతు ఎవరికీ వినపడకపోవడం గురించి అందులో మాట్లాడేవాణ్ణి.

సాయంత్రం వేళే సంగీతానికి అనువైనదని కాగితం మీద కారణం రాశాను. అసలు కారణం వేరు. అంతకుముందు నా చర్చ ఆరింటికి వచ్చేది. ఆ వేళకు ఊళ్లన్నీ టీవీల ముందు కూర్చుని ఉద్యమం వార్తలు చూస్తుండేవి. నా మాట వినేవాళ్లు లేరు. నాకు మంచి సమయం కావాలి. అందుకోసం సంగీతాన్ని పక్కకు జరిపాను. ప్రతిపాదన నేనే రాశాను. మా అధికారి నా మీద నమ్మకంతో సంతకం పెట్టారు.

ఇంతమంది ఆ సంగీతం వింటున్నారని మార్చేదాకా నాకు తెలియదు. జగిత్యాల నుంచి ఒక రిటైర్డు బడిపంతులు వారం రోజులపాటు సరిగ్గా రెండున్నరకు ఫోన్ చేసి, "బాబూ, మీ గడియారం బాగైందా?" అని అడిగి పెట్టేసేవారు. మల్లాపూర్ రైతు ఒకాయన కార్డు మీద అక్షరం రాయకుండా, రెండున్నర చూపిస్తున్న గడియారం బొమ్మ వేసి పంపాడు. ఇబ్రహీంపట్నం నుంచి ఒకామె రాసిన ఉత్తరం ఇప్పటికీ గుర్తుంది. భర్త మస్కట్‌లో ఉంటాడట. మనకు రెండున్నర అయ్యేటప్పుడు అక్కడ ఆయనకు తిండి వేళ. ఆయన ఫోన్ చేస్తే ఈమె ఫోనును రేడియో పక్కన పెట్టేదట. ఇద్దరూ మాట్లాడుకోకుండా వినేవాళ్లట. "ఇప్పుడు రేడియో పక్కన పెడితే మీ మాటలు వస్తున్నాయి. ఆయన ఫోన్ కట్ చేస్తున్నాడు" అని రాసింది. అది చదివి నాకు కోపం వచ్చింది. సిగ్గు రావలసిన చోట కోపం రావడం నాకు అలవాటు.

ఆ వరుసలోనే ఇరవై ఆరు కార్డులు వచ్చాయి. పదహారు కోరుట్ల ముద్రతో, ఆరు సిరిసిల్ల ముద్రతో, నాలుగు జగిత్యాల ముద్రతో. గుండ్రటి ఒకే చేతిరాత. ప్రతి కార్డు కింద వేరే పేరు, పేరు పక్కన నీలి సిరాతో వేలిముద్ర. సినిమా పాటల కోసం కొందరు ఇరవై పేర్లతో ఒక్కరే ఉత్తరాలు కుమ్మరించేవారు గనక, ఒక చేతిరాతను ఒక ఉత్తరంగా లెక్కించడం మా ఆఫీసులో పాత పద్ధతి. "వేలిముద్రలెందుకు సార్, మనమేమైనా భూముల రిజిస్ట్రేషన్ చేస్తున్నామా?" అన్నాడు పక్క సీటు ఉద్యోగి. ఇద్దరం నవ్వుకున్నాం. మొదటి రెండు కార్డులు చదివి మిగతావి చదవకుండానే కట్ట కట్టాను.

ఆ తరువాత కోరుట్ల నుంచి కార్డులు రాలేదు. విషయం సద్దుమణిగిందనుకున్నాను.

నెలన్నర గడిచింది. సమ్మెతో బస్సులు ఆగిపోయి ఉన్నాయి. కోరుట్లలో రిలే నిరాహార దీక్షల శిబిరాన్ని రికార్డు చేయడానికి ఆఫీసు జీపులో వెళ్లాను. ఆ రోజు వంతు బీడీ కార్మికులది. టెంటు కింద ముప్పై మంది దాకా ఆడవాళ్లు కూర్చున్నారు. మైకు పట్టుకుని, "అమ్మా, మీరు ఎందుకు దీక్షకు కూర్చున్నారో చెప్పండి" అని ముందు వరుసలో ఉన్న ముసలామెను అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా పక్కనామె వైపు తిరిగింది.

"ఏమే, గీ గొంతు ఎరుకేనా?"

"ఎరుక లేకేంది అత్తమ్మ. తీరికున్నోళ్లని మనల్ని అన్న సారే గదా."

"గదే అనుకుంటున్న. మనిషి గింతే ఉన్నడు, రేడియోల మస్తు పెద్దగ వినవడ్డడు."

టెంటంతా నవ్వింది. ముసలామె తన కుడిచేయి నా ముందుకు చాపింది. ఆకు చుట్టి చుట్టి వేలి కొనలు నునుపుదేరి, గీతలు అరిగిపోయి ఉన్నాయి. "ఇయ్యాల తీరికే సారు. దీక్షల కూసున్నం గద. పొద్దుగాల సంది తిన్నది లేదు, చేసింది లేదు. ఏమడుగుతవో అడుగు."

నేను రికార్డరు ఆపేశాను. ఆ కార్డులు రాసింది ఎవరని అడిగాను.

"గామె ఈడికి రాలే," అంది ముసలామె. "మేమే మాతోని కూసోనిస్తలేం. అందరం దాని వాకిట్లనే కూసోని బీడీలు చేస్తుంటిమి. నువ్వు గట్ల చెప్పినంక మాకు బుగులైంది. మా యేలిముద్రలు ఏ కాయిదాల మీద ఏపిచ్చుకున్నదో, ఏం రాసుకున్నదో. సదువు రానోళ్లం, మాకేం తెలుస్తది? రేడియోల సారే గదంత ఒక్కదాని పని అన్నంక, నీ మాట నమ్మినం, దాని మాట ఇడిచినం."

మన గొంతు గురించి నేను రోజూ మాట్లాడింది స్టూడియో మైకులోనే. ఒక మనిషి మాట మీద పదిమందికి ఉన్న నమ్మకాన్ని అదే మైకుతో తీసేశాను.

సాయంత్రం దీక్ష విరమించాక ముసలామె నన్ను కార్డులు రాసినామె ఇంటికి తీసుకువెళ్లింది. పదిమంది కూర్చునే వాకిట్లో ఒక్కతే కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఒక పక్కన తంబాకు. నేనెవరో చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"కార్డులు సదివిండ్రా సారు?"

"చూశానమ్మా."

"సూసుడు గాదు. సదివిండ్రా?"

చదవలేదని ఒప్పుకున్నాను.

"రాత ఒక్క తీరుగ ఉన్నది. మాట ఒక్క తీరుగ లేదు. ఎవరు చెప్పింది వాళ్లకే రాసిన. రాసింది సదివి వినిపిచ్చినంకనే యేలు పెట్టిచ్చిన."

ఏడో తరగతి వరకు చదువుకుందట. ఆమె తల్లిగారిల్లు సిరిసిల్ల. బంద్ రోజుల్లో పుట్టింటికి వెళ్లి, బస్సులు లేక పన్నెండు రోజులు అక్కడే చిక్కుకుంది. అన్న సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానాలో పనిచేస్తాడు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు పోయేది. సాంచాల చప్పుడు ఆగినప్పుడు కార్మికులు బ్యాటరీ రేడియోలో మా సంగీతం వినేవారట. వాళ్లలో ఆరుగురు రాయమంటే అక్కడి నుంచి రాసింది. అత్తకు కంటి ఆపరేషన్ చేయించడానికి జగిత్యాల వెళ్లినప్పుడు ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లు నలుగురు రాయమన్నారు. మూడు ఊళ్ల ముద్రలు అలా వచ్చాయి.

"సినిమా పాటలు వినొచ్చు కదా, ఈ సంగీతమే ఎందుకు?" అని అడిగాను. నాలో ఇంకా కొంచెం అనుమానం మిగిలి ఉందన్నమాట.

"మాటలు తెలిసే పాటైతే మనసు మాటల మీదికి పోతది. కట్టకు ఇరవై ఐదు బీడీలు. లెక్క తప్పుతది. గీ సంగీతమైతే చెయ్యి దానంతట అదే నడుస్తది, లెక్క తప్పది. పిల్లలు బడికి పోతరు, గా అరగంట మాదే. ఆరు గొట్టంగ మేం కంపెనీ కాడ వరుసల నిలవడి బీడీలు ఒప్పజెప్తుంటం. గప్పుడు పెడితే ఎవలు వినాలె?"

ముసలామె మధ్యలో అందుకుంది. "మారుస్తమన్నది టైమొక్కటే గద. మంగళారం మద్దెల కొట్టెటాయన్ను ఎందుకు మార్చిండ్రు? ముందటాయనకు తొందర లేకుండె."

ఆమె అన్నది నిజం. వేళ మార్చడానికి కొంచెం ముందు మంగళవారం కచేరీ టేపు పాడైతే అదే గాయకుడి వేరే కచేరీ టేపు పెట్టాం. దాంట్లో మృదంగ విద్వాంసుడు వేరు. పట్టిక వేసే నేనే ఆ తేడా గమనించలేదు. ఆ ఇద్దరి ముందు నేను ఏళ్లుగా చేసిన ఉద్యోగం ఎంత పైపైదో తెలిసింది. సంగీతం గురించి నాకు తెలిసింది పేర్లు మాత్రమే. వాళ్లకు పేర్లు తప్ప అన్నీ తెలుసు.

సంగీతాన్ని మళ్లీ రెండున్నరకే మార్పిస్తానని చెప్పాను. కార్డులు రాసినామె మొదటిసారి చేతులు ఆపింది.

"పాట మీకెప్పుడు వీలైతే గప్పుడే పెట్టుకోండ్రి సారు. నేను అబద్ధం రాయలేదని మాత్రం చెప్పుండ్రి. ఇదివరకు పింఛను దరఖాస్తులకు కూడ నా తాననే రాయిచ్చుకునేటోళ్లు. ఇప్పుడు ఎవ్వరు వస్తలేరు."

తిరిగి వెళ్లి ఆ కట్ట విప్పాను. ఇరవై ఆరు కార్డులూ చదివాను. ఒకామె, పాడే ఆమె ఊపిరి తీసుకునేటప్పుడే తానూ దారం తెంపుతానని రాయించింది. ఇంకొకామె, తనకు సంగీతం తెలియదని, కానీ ఆ అరగంటలో తనను ఎవరూ పిలవరని రాయించింది. సాంచాల కార్మికుడొకడు, చప్పుడుకు చెవులు మొద్దుబారిపోతే, ఆగాక మొదట వినపడేది ఇదేనని చెప్పించాడు. ఏ రెండూ ఒకలా లేవు. చదివే ఓపికే నాకు లేకపోయింది.

మరునాడు మా అధికారికి ఒక కాగితం ఇచ్చాను. ఆ కార్డుల మీద నేను రాసింది తప్పని, సమయం మార్చమని నేను అడిగింది నా కార్యక్రమం కోసమేనని రాశాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇది కాగితం మీద ఎందుకయ్యా? నోటితో చెబితే నేను సర్దనా?"

"తప్పు కాగితం మీదే చేశాను సార్."

ఆయన కాగితాన్ని ఫైలులో పెట్టి, "అయితే సంగీతం రెండున్నరకు వస్తుంది, నీ చర్చ మళ్లీ ఆరింటికి పోతుంది. తరువాత నా దగ్గరికి వచ్చి గొణగొద్దు" అన్నారు. గొణగలేదు. ఆ కార్యక్రమం మానేసే వరకూ ఆరింటికే నడిపాను. దానికి వచ్చిన ఉత్తరాలు చాలా తక్కువ.

ఆ తరువాతి ఆదివారం శ్రోతల ఉత్తరాల కార్యక్రమం మొత్తం ఆ కార్డులకే ఇచ్చాను. ఇరవై ఆరు పేర్లూ ఊళ్లతో సహా చదివి, ఒక్కొక్కరు ఏం చెప్పారో చదివాను. ఈ ఉత్తరాలను చదవకుండానే అవమానించానని, వాటిని రాసిన ఆమె ఎవరి మాటనూ మార్చలేదని, అబద్ధం చెప్పింది నేనని అన్నాను. ఈసారి గొంతులో ఏమీ వినపడకూడదని జాగ్రత్తపడ్డాను.

అది చాలదని అనిపించింది. కోరుట్ల ఆడవాళ్లు ఆమెను కాదని నా గొంతును నమ్మారు. మళ్లీ గొంతే పంపి ఊరుకుంటే ఎలా? సెలవు పెట్టి, బస్సులు లేవు గనక మోటారు సైకిలు మీద బయలుదేరాను. ముందు జగిత్యాల ఆసుపత్రిలో నలుగురికీ వాళ్ల కార్డులు చదివి వినిపించాను. అక్కడి నుంచి కోరుట్ల వెళ్లాను. ముసలామె పిలిస్తే వాకిట్లోకి పదహారు మందీ వచ్చి, కూర్చోకుండా గోడ వెంట నిలబడ్డారు. ఒక్కొక్క కార్డు చదివి, "ఇది మీరు చెప్పిందేనా?" అని అడిగాను. "నేనన్నదే," అంది ఒకామె. "నేనన్నదే, గానీ నా మొగని సంగతి గింత మందిల సదవకుంటే మంచిగుండు సారు," అంది మరొకామె. పదహారు కార్డులూ అయ్యాక ముసలామె తన చాట తెచ్చుకుని, కార్డులు రాసినామె పక్కన కూర్చుంది. "జరుగు," అంది, జరిగే అవసరం లేకపోయినా. మిగతావాళ్లు చాటల కోసం ఇళ్లకు వెళ్లారు.

ఆ రాత్రి కోరుట్లలోనే ఉండిపోయాను. ఇంకా ఆరు కార్డులు నా దగ్గర ఉన్నాయి. మరునాడు పొద్దున్నే, కరెంటు పోయి సాంచాలు ఆగే వేళకు చేరుకోవాలని, సిరిసిల్ల దారి పట్టాను.